ఔన్సు బరువు కూడా వద్దు

ఆ ఏటి పందేలకు ఆఖరి రోజైన సెప్టెంబరు చివరి శనివారం ఉదయం ఆరిన్ హాల్వర్సన్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. సగం గిన్నె ఓట్స్ తినాలి, గడ్డం గీసుకోవాలి, మధ్యాహ్నానికి పందెం మైదానం చేరాలి, పావు మైలు దూరాన్ని పద్నాలుగు సెకన్లలోపు దాటాలి. ఓట్స్ సగం గిన్నెతో ఆగిపోవడానికీ, గడ్డంతోపాటు పెళ్ళినాటినుంచీ ఉన్న మీసం కూడా ఆ ఉదయం పోవడానికీ కారణం ఒక్కటే: బరువు.

ఆరిన్ జిల్లా నీటి సరఫరా శాఖలో పర్యవేక్షకుడు. సహనశీలి, మితభాషి. అతని రెండు తలుపుల పాత కారు మాత్రం అలాంటిది కాదు. దాన్ని స్టార్టు చేస్తే వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి. ఇంజనుకు ఎన్ని మార్పులు చేసినా ఆ కారు పద్నాలుగు సెకన్ల గీత దగ్గరికి వచ్చి, అక్కడే మొహమాటపడి ఆగిపోయేది. అతని భార్య మార్లిస్ కుండలు, పింగాణీ గిన్నెలు చేస్తుంది. నేలమాళిగలో చక్రం ముందు వంగి కూర్చుని విసిగిపోయిన ఆమె, వసంతకాలంలో ఒక ఒప్పందం ప్రతిపాదించింది. ఈ పందేల కాలం ముగిసేలోగా కారు పద్నాలుగు లోపు పరుగెత్తితే గరాజు శాశ్వతంగా ఆరిన్‌ది. లేకపోతే గరాజులోకి ఆమె చక్రమూ కరెంటు ఆవమూ వస్తాయి, కారు బయట టార్పాలిన్ కప్పుకుని నిలబడుతుంది. మిన్నెసోటా చలికాలంలో బయట నిలబడడమంటే ఏమిటో ఆరిన్‌కు తెలుసు. చేయి కలిపాడుగాని, ఆ రాత్రి నిద్రపోలేదు.

అప్పుడు దారి చూపినవాడు అతని మిత్రుడు గార్డీ. "ఇంజనుకి బలం పెంచాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలిరా. బరువు తగ్గించాలంటే పానా ఒక్కటి చాలు" అన్నాడు. ఆరిన్ ఆ మాటను మంత్రంగా స్వీకరించాడు. ముందు స్టెపినీ పోయింది. తరవాత వెనకసీటు, కింద పరిచిన తివాచీ, రేడియో, హీటరు, ఎడమవైపు ఒక్కటి మిగిల్చి రెండో వైపరు, పక్కసీటు ముందున్న సొరుగు మూత పోయాయి. విప్పడానికి వీల్లేని ఇనప ముక్కలకు డ్రిల్లుతో బెజ్జాలు పెట్టాడు. చివరి వారంలో, విప్పడానికి ఇంకేమీ మిగలక, పక్కసీటే తీసి గరాజు మూలన ఉన్న గుట్టమీద పెట్టాడు. శనివారం ఉదయం వేలికున్న పెళ్ళి ఉంగరం కూడా తీసి, మార్లిస్ పింగాణీ పొడులు తూచుకునే త్రాసులో వేసి చూశాడు. ముల్లు కదిలింది. ఉంగరాన్ని వంటింటి కిటికీ గట్టుమీద, గిన్నెలు తోమే సబ్బు పక్కన ఉంచాడు.

సరిగ్గా అప్పుడు గార్డీ ఫోన్ చేశాడు.

"ఏరా, పక్కసీటు ఉంచావా, పీకేశావా?"

"పీకేశాను. ఏం?"

"తనిఖీలో వర్జిల్ గేటు దగ్గరే ఆపేస్తాడు. మనం పరుగెత్తేది ఊళ్ళో తిరిగే కార్ల తరగతిలో కదా. ముందు రెండు సీట్లూ ఉండాలి. ఇన్నాళ్ళూ ఉందిగాబట్టి నీకు తెలియలేదు."

ఆరిన్ గరాజులోకి వెళ్ళాడు. మూల ఉంది; గుట్ట లేదు. నేల తుడిచినట్టు శుభ్రంగా కూడా ఉంది.

"మార్లిస్, ఇక్కడ పెట్టిన సీటు ఏది?"

"ఏ సీటు?"

"కారులో నీ సీటు."

"చర్చివాళ్ళ పాతసామాన్ల అమ్మకానికి ఇచ్చేశాను. అన్నీ ఇచ్చేశాను. నిన్ను అడిగాకే ఇచ్చాను."

"నన్నెప్పుడడిగావు?"

"నువ్వు కారు కింద ఉన్నప్పుడు. ఆ మూలనున్నవి నీకు కావాలా అంటే, 'ఔన్సు బరువు కూడా వద్దు' అన్నావు. గట్టిగానే అన్నావు."

ఆరిన్‌కు ఆ ప్రశ్న గుర్తులేదుగాని జవాబు గుర్తుంది. ఆ వారమంతా అతను కారు కింద పడుకుని తనతో తాను అనుకుంటున్న మాట అదే.

"పోనీ, అది అలా ఉంచు" అంది మార్లిస్. "నువ్వెటూ అటే పోతున్నావుగా, నా మట్టి తీసుకురా. కొట్టు మధ్యాహ్నానికే మూసేస్తారు. వ్యాను మరమ్మతులో ఉంది. పోయినవారమే సరేనన్నావు."

అన్నాడు. మాట ఇచ్చినప్పుడు మట్టి బరువు అతని తలలోకి రాలేదు.

చర్చి నేలమాళిగలో పాస్టరు సీన్యే కాఫీ కప్పులు కడుగుతోంది. అమ్మకం బ్రహ్మాండంగా జరిగిందని చెప్పింది. "మీ వెనకసీటు నెల్స్ పట్టుకెళ్ళాడు, చెరువు గడ్డకట్టాక చేపలు పట్టే గదిలో వేసుకుంటాట్ట. పక్కసీటు బోర్గిల్డ్ గారికి దక్కింది. నడుం నొప్పికి అంతకన్నా మంచి కుర్చీ లేదని, ఇద్దరు కుర్రాళ్ళచేత మోయించుకుని మరీ తీసుకెళ్ళారు."

బోర్గిల్డ్ గారు ఆ ఊళ్ళో సగం మందికి ఆదివారం బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆరిన్ వెళ్ళేసరికి ఆవిడ వరండాలో, అతని కారు సీటులోనే, కాళ్ళమీద దుప్పటి కప్పుకుని వీధిని పరికిస్తోంది.

"రావయ్యా ఆరిన్. మీసమేది?"

"తీసేశానండి."

"ఊఁ. చిక్కావు కూడా." ఆవిడ చూపు అతని చేతిమీదికి దిగి, ఖాళీ వేలిమీద ఆగి, మళ్ళీ ముఖంమీదికి వచ్చింది. "కాఫీ తాగుతావా?"

"వద్దండి, మీకెందుకు శ్రమ."

"కాచే ఉంది."

"పర్లేదండి, ఇప్పుడే తాగి వచ్చాను."

"అరకప్పు."

"సరే మరి, మీరంత ఇదిగా అంటే."

అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేని మర్యాద. ఎవరేది ఇవ్వబోయినా మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి, మూడోసారి ఒప్పుకోవాలి. మొదటిసారికే తీసుకున్నవాణ్ణి ఆశపోతంటారు. తనంతట తాను నోరువిప్పి అడిగినవాణ్ణి గురించి అసలు మాట్లాడుకోరు. కాబట్టి సీటు తిరిగి ఇమ్మని అడగడం ఆరిన్‌కు కుదరదు. ఆవిడ ఇవ్వజూపేలా మాటను మళ్ళించడం ఒక్కటే మార్గం.

"సీటు బాగా కుదిరినట్టుందండి మీకు" అన్నాడు.

"బంగారంలా ఉందయ్యా. కాకపోతే లేచేటప్పుడు కాస్త ఊగుతుంది." ఆవిడ అతని ముఖం పరిశీలనగా చూసింది. "ఏం, దీనిమీద మనసుపోతోందా? నీకు కావాలంటే పట్టుకుపో. మీదేగా."

ఆరిన్ మనసులో ఒకటి లెక్కపెట్టుకున్నాడు. "అయ్యో, అదేం మాటండి. మీరే ఉంచుకోండి."

"కాదులే, ఎన్నాళ్ళనుంచో మార్లిస్ కూర్చున్న సీటు. మీ దగ్గరుంటేనే అందం."

"వద్దండీ. మీ నడుముకి సుఖంగా ఉందిగా."

ఇక మిగిలింది మూడోసారి. 'సరే మరి, మీరంత ఇదిగా అంటే' అనే వాక్యాన్ని ఆరిన్ నాలుక చివర సిద్ధంగా నిలబెట్టుకున్నాడు. బోర్గిల్డ్ గారు నోరు తెరిచింది. లోపల ఓవెను గంట మోగింది.

"నా కేకు" అని ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆవిడ చేతిలో పుల్లటి రబార్బ్ కాడల కేకు ఉంది, నోట్లో కేకు గురించిన మాటే ఉంది. సీటు ప్రసంగం రెండు తిరస్కారాలతో మర్యాదగా ముగిసిపోయింది. ముగిసినదాన్ని మళ్ళీ తెరవడానికి ఆ ఊళ్ళో పద్ధతి లేదు. ఆరిన్ కేకు తిన్నాడు, బాగుందన్నాడు. వెళ్ళడానికి లేస్తూ, ఏదో ఒకటి చేయకపోతే బాగుండదన్న ఇబ్బందిలో, "ఊగుతోందన్నారుగా" అని జేబులోంచి పానా తీశాడు. కారులోంచి నాలుగు బోల్టులు తెచ్చి, తన సీటును తన చేతులతోనే ఆవిడ వరండా చెక్కలకు బిగించాడు. బిగించడంలో అతనికి మంచి పేరుంది. ఇకమీదట దాన్ని తీయాలంటే వరండా కూడా తీయాలి.

అతని కారు వీధి మలుపు తిరగకముందే బోర్గిల్డ్ గారు మార్లిస్‌కు ఫోన్ చేసింది.

"నీ సంసారంలో నేను వేలు పెట్టనమ్మా. కాని మీ ఆయన వచ్చాడు. నీ సీటుమీద చెయ్యి వేసుకుని ఎంతసేపో నిలబడ్డాడు. మీసం లేదు. వేలికి ఉంగరం లేదు. ఇచ్చేస్తానంటే వద్దు పొమ్మన్నాడు. పైగా ఇక నీ ఇంటికి రాకుండా బోల్టులు బిగించి పోయాడు."

మార్లిస్ ఫోన్ చెవి దగ్గర ఉంచుకునే కిటికీ వైపు చూసింది. సబ్బు పక్కన ఉంగరం మెరుస్తోంది.

ఆ మాటలు ఇంకా నడుస్తుండగానే ఆరిన్ గరాజుకు తిరిగొచ్చాడు. గోడకు వేలాడుతున్న మడత కుర్చీ అతని కంట పడింది. వేసవిలో పెరట్లో వేసుకునేది. అల్యూమినియం గొట్టాలు, ఆకుపచ్చ నవారు పట్టీలు. తీసి చేత్తో ఎత్తి చూశాడు. అతని విచారం ఒక్కసారిగా ఆనందమైంది. అసలు సీటుకంటే ఇది ఎంతో తేలిక. ముందే ఎందుకు తట్టలేదా అని తనను తాను తిట్టుకుంటూ దాన్ని పక్కసీటు చోట బిగించి, హారను కొట్టి బయలుదేరాడు. దారిలో మట్టి పెట్టెలు డిక్కీలోకి ఎత్తించుకున్నాడు. ఒక్కొక్క పెట్టె లోపల పడుతుంటే కారు వెనకభాగమూ అతని ప్రాణమూ కలిసి కుంగాయి.

మైదానం గేటు దగ్గర వర్జిల్ కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా ఆ మైదానంలో తనిఖీదారు అతనే.

"ఇదేంటి?"

"సీటు."

"కూర్చుంటే ఆగుద్దా?"

"బోల్టులు వేశాను."

వర్జిల్ ఆ నవారు పట్టీని వేలితో మీటాడు. "పద్నాలుగు లోపు వచ్చినవాళ్ళ బళ్ళు ఎలాగూ చివర్లో తెరిచి చూస్తాను. నీ బండి తెరిచే పని నాకింతవరకూ పడలేదుగా. పో."

ఆరిన్ మట్టి పెట్టెలన్నీ దింపి గడ్డిమీద పేర్చాడు. సాయంత్రంలోగా అతనికి మూడు పరుగులున్నాయి. మొదటి పరుగులో పచ్చదీపం వెలగగానే వెనక చక్రాలు కీచుమని అరుస్తూ ఉన్నచోటే గిరగిర తిరిగాయి. తెల్లటి పొగ లేచింది. పొగలోంచి కారు తీరిగ్గా బయటికి వచ్చింది. వచ్చిన సమయం, బరువు తగ్గించకముందు వచ్చినదానికన్నా ఘోరం. రెండో పరుగు అంతకంటే ఘోరం.

"బండి నడుపుతున్నావా, మాంసానికి పొగబెడుతున్నావా?" అన్నాడు గార్డీ.

జరిగినది సులభంగానే వివరించవచ్చు. ఆ కారులో ఇంజను తిప్పే చక్రాలు వెనకవి. నెల నెలా ఆరిన్ విప్పిన వస్తువుల్లో బరువైనవి దాదాపు అన్నీ ఆ చక్రాలమీద కూర్చున్నవే. వాటిని నేలకు అదిమిపెట్టేది ఏదీ మిగల్లేదు కాబట్టి చక్రాలు నేలను పట్టుకోవడం మానేశాయి. కాని ఒకే మంత్రాన్ని వేసవంతా జపించిన మనిషికి ఎదురుగా ఉన్న కారణం కనబడదు. కారు ఇంకా బరువుగా ఉందని ఆరిన్ నిర్ధారించాడు. బూట్లు విప్పాడు. బెల్టు తీశాడు. తాళాల గుత్తిలోంచి ఇంటి తాళం వేరుచేసి గార్డీ చేతికిచ్చాడు. ఆపైన, తనలో ఇంకా తగ్గించుకోదగినది ఏముందని ఆలోచించి, మేజోళ్ళతో మైదానం ఆ చివరనున్న మరుగుదొడ్డి వైపు నడిచాడు.

అతను వెళ్ళిన వెంటనే బోర్గిల్డ్ గారి పొడవాటి పాత కారు వచ్చి ఆగింది. అందులోంచి మార్లిస్ దిగింది. వెనకే బోర్గిల్డ్ గారు, తువ్వాలు చుట్టిన ఇనప మూకుడుతో దిగింది. మూకుడు నిండా బంగాళాదుంపలూ మాంసమూ కలిపి వండిన హాట్‌డిష్. కష్టంలో ఉన్న ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళే అలవాటు ఆవిడకు లేదు.

కారు తలుపు తెరిచే ఉంది. తన సీటు చోట మడత కుర్చీ. కారు పక్కన గడ్డిమీద, నూనె మరకల మధ్య, తన మట్టి.

"సీటు తీసేశాడు, ఉంగరం తీసేశాడు" అంది బోర్గిల్డ్ గారు మెల్లగా. "ఇప్పుడు నీ మట్టి కూడా బయట పారేశాడమ్మా."

కేకలు వేయడం మార్లిస్ వంశంలోనే లేదు. ఒక్కొక్క పెట్టె ఎత్తి, తిరిగి డిక్కీలో పెట్టింది. తన వస్తువులకు ఆ కారులో చోటుందో లేదో అతనే చెప్పాలన్నట్టు, గట్టిగా, వెనక్కంటా తోసి పేర్చింది. బోర్గిల్డ్ గారు మూకుడు కూడా అందులోనే పెట్టింది. "ఏమైనా కానీ, తిండి మానకూడదు" అంటూ డిక్కీ మూసింది.

ఇంతలో ఆరిన్ పేరు పిలిచారు. అతను మేజోళ్ళ కాళ్ళతో పరుగెత్తుకుంటూ వచ్చి, ఎటూ చూడకుండా కారులో దూకి గీత దగ్గరికి పోనిచ్చాడు. స్టీరింగు ముందు కూర్చున్నాక గరాజు గుర్తొచ్చింది. టార్పాలిన్ గుర్తొచ్చింది. పచ్చదీపం వెలిగింది.

చక్రాలు అరవలేదు. పొగ లేవలేదు. కారు ఒక్కసారి వెనక్కి కుదురుగా కూర్చుని, నేలను గట్టిగా పట్టుకుని, ఆరిన్ వీపును సీటుకు అంటించి దూసుకుపోయింది. అవతలి చివర బోర్డుమీద వెలిగిన సంఖ్య పదమూడుతో మొదలైంది. కడుపు ఖాళీ చేసుకున్నందుకే ఇంత మార్పా అని అతను ఆశ్చర్యపోయాడు.

గార్డీ ఎగురుకుంటూ వచ్చాడు. వర్జిల్ నడుచుకుంటూ వచ్చి డిక్కీ తెరిచాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేంటి?"

"నాకు తెలీదు" అన్నాడు ఆరిన్. అతని జీవితంలో అంత నిజాయితీగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"వెనక బరువు వేసుకోవచ్చు. కాని బోల్టు వేసుండాలి. వదులుగా ఉంటే ఆ పరుగు లెక్కలోకి రాదు." వర్జిల్ తువ్వాలు కొస ఎత్తాడు. "ఇది ఇంకా వేడిగా ఉంది."

అప్పుడు జనంలోంచి మార్లిస్ ముందుకు వచ్చింది. వర్జిల్ ఆ పరుగు కొట్టేస్తే గరాజు తనదవుతుందని ఆమెకు తెలుసు. తెలిసే వచ్చింది.

"అది బరువు కాదు" అంది. "నా సామాను. ఆయన ఇంటికి తెస్తానని మాటిచ్చిన మట్టి. నేనే పెట్టాను."

"మీ సామానా?" వర్జిల్ టోపీ సవరించుకున్నాడు. "సామాను వెనకుంటే మరి మీరెక్కడ కూర్చుంటారమ్మా?"

మార్లిస్ మడత కుర్చీ వైపు చూసింది. తలుపు తీసి, దాంట్లో కూర్చుంది. నవారు కిర్రుమంది. కుర్చీ ఆగింది.

"ఎలా ఉంది?" అన్నాడు వర్జిల్.

"పర్లేదు."

ఆ ప్రాంతంలో అంతకుమించిన పొగడ్త లేదు. వర్జిల్ డిక్కీ మూశాడు. "ఊళ్ళో తిరిగే కారంటే ఇంటావిడా, ఆవిడ సామానూ, వంటా పట్టాలి. పట్టాయి. పరుగు లెక్కలోకే వస్తుంది."

ఇంటికి వెళ్తున్నప్పుడు, హీటరు లేని కారులో మార్లిస్ మూకుడు ఒళ్ళో పెట్టుకుని వెచ్చబెట్టుకుంటోంది.

"ఉంగరం ఎందుకు తీశావు?" అంది.

"బరువని."

"ఎంత?"

"నీ త్రాసులో వేస్తే ముల్లు కాస్త కదిలింది."

మార్లిస్ రోడ్డు వైపు చూస్తూ ఆలోచించింది. నవ్వకుండా ఉండడానికి ఆమె చేస్తున్న ప్రయత్నం మడత కుర్చీ శబ్దంలో వినబడింది. "మీసం కూడానా?"

"మీసం కూడా."

"సరేలే. గెలిచావు. గరాజు నీదే."

ఆరిన్ గుండె నిండిపోయింది. ఆమె ఒక్క మాట మాట్లాడకుండా ఊరుకుని ఉంటే గరాజు ఆమెదయ్యేది. అలాంటి మనిషికి ఏదో ఒకటి చెప్పకపోతే మర్యాద కాదు. "నీ మట్టి లేకపోతే గెలిచేవాణ్ణా? గరాజు నువ్వే తీసుకో" అన్నాడు.

"వద్దులే. ఒప్పందం ఒప్పందమే."

"అలాక్కాదు. నీ ఆవం పెట్టుకో."

"ఎందుకు? నీ కారుందిగా."

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. రెండుసార్లు ఇవ్వజూపాడు, రెండుసార్లు ఆమె కాదంది. లెక్క సరిపోయింది, మర్యాద నిలబడింది, గరాజు మిగిలింది. కాని చిన్నప్పటినుంచీ నోటికి పట్టిన అలవాటు అతని అనుమతి కోసం ఆగలేదు.

"నిజంగానే అంటున్నా, మార్లిస్. తీసుకో" అన్నాడు.

అన్న మరుక్షణమే అతని పాదం బ్రేకు వైపు వెళ్ళింది. మార్లిస్ మూకుడుమీది తువ్వాలు నింపాదిగా సర్దింది.

"సరే మరి, నువ్వంత ఇదిగా అంటే."

ఆ చలికాలమంతా కారు బయటే టార్పాలిన్ కింద నిలబడింది; డిక్కీమీద అంత మంచు పేరుకున్నాక వెనక చక్రాల పట్టుకు ఇక తిరుగులేదని ఆరిన్ గార్డీతో చెప్పాడు.